ఎనిమిదో దెబ్బ

మా క్రైస్తవ సంఘంలో నా మీద ఒక మాట ఉంది. ముప్పై ఏళ్ళు బడిలో సంగీతం చెప్పిన సుకుమారి టీచరమ్మకు ఒక్క కీర్తన దగ్గర మాత్రం తాళం తప్పుతుందట. అదీ ముక్కూమొహం తెలియనివాళ్ళ కీర్తన కాదు, కన్నతండ్రి పేరున ఉన్నది. పంట పండుగ నాడు గుడిలో అందరూ లేచి నిలబడి, చప్పట్లు కొడుతూ 'తొలి పన నీదే తండ్రీ' అని ఎత్తుకుంటారు. నేనూ నిలబడతాను. ఏడు దెబ్బల దాకా అందరితో పాటే కొడతాను. ఎనిమిదో దెబ్బకు జనమంతా 'ఆమేన్' అని అరుస్తూ చప్పట్లు కొడితే నా చేతులు విడివిడిగానే ఉండిపోతాయి. పక్కనున్న ఆడపిల్లలు ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వుకుంటారు. వయసు మీద పడింది పాపం అనుకుంటారు కాబోలు. పడింది, కాదనను. కాని నాకు ఆ తాళం తప్పింది పదహారో ఏట.

అది డెబ్బై నాలుగో సంవత్సరం, వరికోతల కాలం. మేం సంగారెడ్డిలో ఉండేవాళ్ళం. మా నాన్న సత్యరాజు సంఘం బడిలో పంతులు, ఆదివారం గుడిలో హార్మోనియం వాయించేవాడు. మా అమ్మ మార్తమ్మ దవాఖానాలో నర్సు. ఊళ్ళో సగం మంది పిల్లలు ఆమె చేతుల్లోనే భూమ్మీద పడ్డారు. పటాన్‌చెరు వైపు జొన్నచేన్ల మధ్య అప్పుడప్పుడే రేకుల షెడ్లు లేస్తున్నాయి. ఆ ఫ్యాక్టరీల్లో పనికి చేరిన మనవాళ్ళు ఆదివారం బస్సు పట్టుకుని మా గుడికే వచ్చేవాళ్ళు. వాళ్ళ వల్ల పాటల బృందం పదిమంది నుంచి ముప్పై మందికి పెరిగింది. నాన్న సంతోషపడ్డాడు. ఆ ముప్పై మందీ వెనకాల తనకు పెట్టిన పేరు విన్న తర్వాత ఆ సంతోషం కొంచెం తగ్గింది.

ఆ పేరు రీతిరాజు. ఎందుకంటే, మా కీర్తనల పుస్తకాల్లో ప్రతి పాట నెత్తిన రాగం ఏదో, తాళం ఏదో రాసి ఉంటుంది. వరస సొంతం కాకపోతే 'రీతి' అని రాసి, ఏ పాత పాట వరసలో కట్టారో దాని మొదటి మాటలు వేస్తారు. అది మర్యాద. నాన్న మాటలు బాగా కూర్చేవాడు, వరస కట్టడం మాత్రం ఆయనకు చేతకాలేదు. అప్పటికి ఇరవై మూడు పాటలు రాశాడు. ఇరవై మూడింటి మీదా 'రీతి' ఉంది. ఒకరోజు బడి నల్లబల్ల మీద ఎవరో సుద్దముక్కతో 'రీతి: సత్యరాజు' అని రాసిపోయారు. నాన్న తన కండువాతోనే అది తుడిచేశాడు. ఎవరు రాశారని అడగలేదు. ఆ కండువా ఉతకడానికి వేసినప్పుడు అమ్మ సుద్దమరక చూసి ఏమైందని అడిగితే, కింద పడిందన్నాడు.

నాకు సంగీతం మీద పిచ్చి. అది తీర్చింది సరస్వతక్క. పాత బజారులో రాజేశ్వర్ సేటు బెల్లం, ధాన్యం దుకాణం పైన వాళ్ళ ఇల్లు. సరస్వతక్క ఆయన భార్య, ముప్పై ఏళ్ళుంటాయి. వనపర్తి దిక్కు నుంచి కోడలిగా వచ్చింది. వస్తూ వీణ తెచ్చుకుంది. ఆమె కాన్పు చేసింది మా అమ్మే. ఆ పిల్ల నలభై ఒక్క రోజులు బతికింది. ఆ తర్వాత సేటు ఉయ్యాల విప్పించి ఎవరికో ఇచ్చేశాడు. పిల్ల పేరు ఆ ఇంట్లో ఎత్తవద్దన్నాడు. వీణ వింటే ఏడ్పు విన్నట్టుంటదని అన్నాడు. చెడ్డవాడు కాదు, ఆయనకు దుఃఖం మోయడం అంతవరకే తెలుసు. అక్క వీణకు గుడ్డ కప్పి మూలన పెట్టింది. మా అమ్మే రెండేళ్ళ తర్వాత నన్ను తీసుకుపోయి, "మా పిల్లకు జెర చెప్పు సరస్వతీ, నీకు గూడ పొద్దు పోతది" అని అప్పగించింది.

పాఠం వారానికోసారి, అంగడి రోజునే జరిగేది. ఆ రోజు కింద బండ్లు, బేరాలు, బస్తాలెత్తే హమాలీల కేకలు. ఆ గోలలో పైన వీణ మోగినా సేటు చెవిన పడదు. అంగడి పలచబడుతుంటే మేం కూడా గొంతు తగ్గించేవాళ్ళం.

అక్కకు ఒక పట్టింపు ఉండేది. ఏ పాటైనా సరే, అది ఎవరి దగ్గర నేర్చుకున్నదో చెప్పకుండా మొదలుపెట్టకూడదు. వాళ్ళ నాన్న హైదరాబాదు ఉస్తాదుల దగ్గర చూసి నేర్చుకున్న అలవాటట. చెవి తమ్మె ముట్టుకుని, పేరు చెప్పి, అప్పుడు తీగె మీద వేలు పెట్టాలి. "ఈ మోహన మా నాయిన చెప్పింది. బస్టాండుల వానకు ఇరుక్కున్నం, రెండు గంటలు. ఆ రెండు గంటలల్ల వచ్చింది నాకు" అనేది. "ఈ కానడ ఎవరూ చెప్పలే. పక్కింట్ల ముసలామె పాడుకుంటుంటే గోడ మీదికెల్లి ఇని దొంగతనం జేసిన. ఆమె పేరు ముత్యమ్మ. దొంగతనం జేసినా పేరు చెప్పాలె." నేను నవ్వేదాన్ని. ఆమె మాత్రం నవ్వకుండా చెవి ముట్టుకునేది. ఆమెకు ఇష్టమైన ప్రతి పాట వెనకా ఒక మనిషి, ఒక రోజు, ఒక వానో ఎండో ఉండేవి. అవి ముందు చెప్పి తర్వాత పాట చెప్పేది కాబట్టి నాకు రెండూ కలిసే గుర్తుండిపోయాయి.

దసరా దాటిన మొదటి అంగడి రోజు ఆమె చెవి ముట్టుకోకుండా వాయించడం మొదలుపెట్టింది. నీలాంబరి. మాటలు లేవు, ఉత్త వరస. నేను తొడ మీద తాళం వేస్తూ పోయాను. ప్రతి చుట్టుకూ ఒక దెబ్బ తక్కువొస్తోంది.

"ఏడేంది అక్కా?"

"ఉయ్యాలకు ఒక దిక్కు గొలుసు జెర పొడుగుండె. ఊపితే గిటు మూడు, గటు నాలుగు పడుతుండె. దాని లెక్కకే కట్టిన."

నాకు అర్థమయ్యేసరికి ఆమె మళ్ళీ మొదటికి వచ్చింది. మూడు ముక్కలున్నాయంది. మొదటిది పిల్ల నిద్రపోవడానికి. రెండోది ఒకసారి లేచి తన మొహం చూసి నవ్వితే కట్టింది. "మూడోది కోతలైనంక చెప్త. అది తర్వాత కట్టింది" అంది. తర్వాత అంటే ఎప్పుడో నేను అడగలేదు.

"గిది వాయించేటప్పుడు చెవు ముట్టుకోకు సుకుమారీ. పేరు చెప్పకు. అసలు ఎవరి ముందట తియ్యకు. ఆయనకు తెలిస్తే వీణ గూడ పోతది. మాటియ్యి."

ఇచ్చాను. చేతిలో చెయ్యి వేసి మరీ ఇచ్చాను. మూడు అంగళ్ళు తిరిగేసరికి రెండు ముక్కలూ నాకు వచ్చేశాయి.

ఇక నా గొప్పతనం చెప్పాలి. ఒక ఆదివారం మధ్యాహ్నం వాకిట్లో కూర్చుని చాటలో బియ్యం ఏరుతున్నాను. నాన్న అరుగు మీద పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతున్నాడు. రాళ్ళు ఏరే చెయ్యి ఒక లయలో పడిపోయి, నాకు తెలియకుండానే గొంతులోకి ఆ వరస వచ్చింది. నాన్న ఎర్ర పెన్సిలు ఆగింది.

"ఎవరిదే అది?"

చెయ్యి అలవాటుగా చెవి దాకా పోయింది. పేరు మింగేశాను.

"సరస్వతమ్మ కట్టిందా?"

"ఎవరికి చెప్పనని మాటిచ్చిన నాయినా."

"నేను ఎవరినే? నీ నాయిననే గద. మళ్ళొక్కసారి తియ్యి, ఇనాలె."

తీశాను. పిల్ల సంగతి, ఉయ్యాల సంగతి, ఏడు దెబ్బల సంగతి అన్నీ చెప్పాను. మూడో ముక్క ఇంకా చెప్పలేదని కూడా చెప్పాను. నాన్న కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి నిజమైన నీళ్ళే, ఇప్పటికీ నాకు అనుమానం లేదు. "ఈ గడప దాటది బిడ్డా" అన్నాడు. ఆ వారమంతా సాయంత్రం బడి వదిలాక నా దగ్గర ఆ వరస హార్మోనియం మీద నేర్చుకున్నాడు. జారుడు స్వరాలున్న నీలాంబరి మెట్ల మీద సరిగ్గా పలకదు. నాన్న చెవి పెట్టి, పట్టుపట్టి పలికించాడు. నా తండ్రికి నేను గురువునయ్యానని మురిసిపోయాను. ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు. నేనే నేర్పాను.

పంట పండుగకు రెండు వారాలుందనగా, ఆదివారం పొద్దున బృందానికి గుడి వరండాలో సాధన. నేను చాయ్ కేటిల్ పట్టుకుని వెళ్ళేసరికి లోపల నుంచి ఆ వరస వినిపించింది. ముప్పై గొంతులు. మాటలున్నాయి. 'తొలి పన నీదే తండ్రీ, మలి పన నీదే తండ్రీ.' పన అంటే వరికట్ట. పిల్లను నిద్రపుచ్చిన వరస మీద వరికట్టలు మోసుకొస్తున్నారు.

డోలక్ దావీదు వాయిస్తున్నాడు. పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో రేకులు నొక్కే మిషన్ మీద పని అతనికి. మంచివాడు, గొంతు పెద్దది. మధ్యలో డోలక్ ఆపేశాడు.

"సార్, గిది ఏడుకు అయిపోతున్నది. చప్పట్లు కుదురుతలెవ్వు. మా మిషిన్ గూడ ఏడు కొట్టది సార్, ఎనిమిదే కొడతది."

అందరూ నవ్వారు. నాన్న ఒక్క క్షణం ఆలోచించాడు.

"ఏడైనంక ఆమేన్ అనుండ్రి. చప్పట్లు గట్టిగ కొట్టుండ్రి. ఆది తాళానికి కూసుంటది."

కూర్చుంది. చక్కగా, చాప మీద కూర్చున్నట్టు కూర్చుంది. నాన్న తలెత్తి నన్ను చూశాడు. వేళ్ళు మాత్రం ఆగలేదు. చిన్నపిల్లవాడు దాచుకున్న మిఠాయి దొరికిపోయినప్పటి నవ్వు ఒకటి మొహం మీద ఉంది. నేను కేటిల్ అక్కడే గడప మీద పెట్టి ఇంటికి వచ్చేశాను. ఒళ్ళంతా మండిపోయింది. అప్పటి దాకా నాన్న అబద్ధమాడతాడని నాకు తెలియదు. పదహారేళ్ళకు తెలిసింది, అదీ ముప్పై మంది కోరస్‌తో.

ఇంట్లో అమ్మ వదల్లేదు.

"సిగ్గు లేకుంట మంది సొమ్ము దెచ్చినవ్. సరే, తెచ్చినవ్. పైన రీతి అని రాయి. ఇరవై మూడు పాటలకు రాసినవ్, దీనికెందుకు రాయవు?"

నాన్న నిదానంగా అన్నాడు. "ఎవరి రీతి అని రాయాలె మార్తా? సేటు ఇంటామెది అని రాస్తే ఆమె కొంప మునుగుతది. ఆమె కోసమే రాస్తలేను."

నేనిచ్చిన మాటనే తీసుకుని నాన్న గొడుగులా వేసుకున్నాడు, దాని కింద పొడిగా నిలబడ్డాడు. ఇప్పుడు నేను నిజం చెబితే అక్క రట్టవుతుంది. చెప్పకపోతే వరస నాన్నదవుతుంది. అంత తెలివైన మాట ఆయన ఏ కీర్తనలోనూ రాయలేదు.

"పాట దేవునికి పోతది బిడ్డా. పేరు ఎవరిదైతేంది?" అన్నాడు మళ్ళీ, నా వైపు తిరిగి. పేరు ఎవరిదైనా ఒకటే అయితే నీదెందుకు నాయినా అని అడగాల్సింది. ఆ ప్రశ్న నాకు తట్టడానికి చాలా ఏళ్ళు పట్టింది.

పండుగ ఊరేగింపులో ముందు గొంతు నేనే ఇవ్వాలన్నాడు. పాడనన్నాను. బతిమిలాడాడు. చివరికి ఒక షరతు పెట్టాను. ఊరేగింపు పాత బజారులోంచి పోకూడదు. "దవాఖాన రోడ్డు మీదికెల్లే పోతం. బజార్లకు రాము. సరేనా?" అన్నాడు. సరేనన్నాను. నమ్మాను కూడా. తండ్రి మీద నమ్మకం ఒక్కసారికే చావదు.

పండుగ రోజు పొద్దున్నే ట్రాక్టరు ట్రాలీ నిండా వరికట్టలు, జొన్నకంకులు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు. ముందు రెండు మైకు గొట్టాలు కట్టారు. హార్మోనియంతో నాన్న, మైకుతో నేను, డోలక్‌తో దావీదు. వెనక బృందం నడుస్తోంది. మూలమలుపు దగ్గర ట్రాక్టరు దవాఖాన వైపు తిరగలేదు. ఎడమకు, పాత బజారులోకి తిరిగింది.

"ఇటెందుకు దావీదన్నా?"

"సారే చెప్పిండమ్మా. బజార్ల అందరు ఇనాలె అన్నడు."

నాన్న నా వైపు చూడలేదు. హార్మోనియం తిత్తి ఇంకా గట్టిగా నొక్కాడు. నా గొంతు ఆగిపోయింది. ఆగితే ఏం, ముప్పై గొంతులు, రెండు గొట్టాలు. నేను పాడకపోయినా పాట పోతూనే ఉంది.

రాజేశ్వర్ సేటు దుకాణం ముందు జనం అడ్డమై ట్రాక్టరు నిలిచింది. సేటు గద్దె మీద నుంచి లేచి వచ్చాడు. కాసేపు నిలబడి విన్నాడు. ఆయన చెయ్యి తనంతట తానే తక్కెడ అంచు మీద తాళం వేసింది. ఎనిమిదో దెబ్బకు జనం ఆమేన్ అంటే, ఆయన కూడా తక్కెడను గట్టిగా కొట్టాడు. లోపలికి పోయి రెండు చేతుల్లో పట్టనంత బెల్లం దిమ్మ తెచ్చి ట్రాలీలో పెట్టాడు.

"సారూ, ఎంత మంచిగున్నది పాట! మీరే కట్టిండ్రా?"

"దేవుని దయ సేటూ" అన్నాడు నాన్న.

నేను తలెత్తి చూశాను. పైన కిటికీలో సరస్వతక్క ఉంది. ఏడవడం లేదు. ఒక చెయ్యి కిటికీ ఊచ మీద ఉంది. రెండో చేతి బొటనవేలు మిగతా వేళ్ళ కణుపుల మీద నడుస్తోంది. ఏడో కణుపు దాటాక ఆ వేలికి ఎక్కడ ఆనాలో తెలియలేదు, గాలిలో ఆగింది. రెండోసారీ అంతే. తర్వాత ఆమె నన్ను చూసింది. కిటికీ రెక్కలు చప్పుడు కాకుండా మెల్లగా దగ్గరికి వేసింది.

పండుగ పాటల పోటీలో ఆ పాటకు మొదటి బహుమానం వచ్చింది. సంఘం పాస్టరు అయ్యగార్లు అచ్చు వేయిస్తున్న కొత్త కీర్తనల పుస్తకంలోకి దాన్ని తీసుకుంటామన్నారు. చరణాలకు కూడా వేరే వరస ఉంటే ఇంకా బాగుంటుందని ఒక పెద్దాయన అన్నాడట. మర్నాటి నుంచీ నాన్న నా చుట్టూ తిరిగాడు.

"మూడో ముక్క ఉన్నదంటివి గద. అంగడి రోజు పోయి తెచ్చుకో బిడ్డా. అచ్చుకు పోయే లోపల గావాలె."

అంగడి రోజు వెళ్ళాను. ఆ ముక్క కోసం వెళ్ళలేదు, కాళ్ళు పట్టుకుందామని వెళ్ళాను. కాని పంపింది నాన్నే కాబట్టి రెండూ ఒకటే అయిపోయాయి. సరస్వతక్క వీణ దగ్గర లేదు, పీట మీద కూర్చుని పప్పు చెరుగుతోంది.

"మూడోది కోసం వచ్చినవా?"

"కాదక్కా."

"నువ్వే చెప్పినవా మీ నాయినకు?"

"నాయినకొక్కనికే చెప్పిన అక్కా."

"నేను గూడ నీకొక్కదానికే చెప్పిన."

ఆమె మళ్ళీ చాట ఎత్తి పప్పు చెరిగింది. కింద ఎవరో బస్తా దించుతూ కేకేశాడు.

"గా ఎనిమిదోది ఏంది? అందరు ఒర్రుతుండ్రు."

"ఆమేన్ అక్కా."

"అంటే?"

"అట్లనే అగుగాక, అని."

"అట్లనే అగుగాకనా." ఆమె ఆ మాట ఒకసారి నెమ్మదిగా అనుకుంది. చాట పక్కన పెట్టింది. "ఆయన బెల్లం ఇచ్చిండు గద. తిన్నరా?"

"తిన్నం."

"మంచిది." కింది వైపు తల ఊపింది. "ఇనవడుతున్నదా?"

విన్నాను. అంగడి గోల మధ్య సేటు గొంతు. తూకం వేస్తూ ఆ పాటే తీస్తున్నాడు. మాటలు రావు కాబట్టి ఉత్త వరస. చివర తక్కెడ మీద ఒక దెబ్బ.

"పొద్దుమూకులు అదే. ఆ వరస నేను ఆయన ముందట ఏ రోజు తియ్యలే. ఇప్పుడు ఆయనే నాకు ఇనిపిస్తుండు, తప్పుతాళంల. నేను ఏమని చెప్పాలె?"

నేను ఆమె పాదాల మీద పడ్డాను. ఆమె కాళ్ళు వెనక్కి తీసుకోలేదు, నన్ను లేపనూ లేదు. "మూడోది లేదు. ఎన్నడు లేకుండె. మీ నాయినకు గట్లనే చెప్పు. ఇగ అంగడి రోజు రాకు బిడ్డా" అంది. బిడ్డా అని ఆమె అన్నది ఆ ఒక్కసారే. అంతకు ముందెప్పుడూ ఆ మాట ఎవరినీ అనేది కాదు.

మూడోది లేదట నాయినా అని ఇంటికొచ్చి చెప్పాను. నాన్న నమ్మలేదు. అయినా ఏం చేయగలడు? చరణాలకు కూడా పాత వరసే ఉంచేశాడు.

క్రిస్మస్‌కు ముందు ఒక పొద్దున రాజేశ్వర్ సేటు మా ఇంటికి వచ్చాడు. బెల్లం బుట్ట తెచ్చాడు. ఆ పాట మాటలు కాగితం మీద రాసివ్వమని అడగడానికి వచ్చానన్నాడు. నాన్న కుర్చీ వేశాడు. నేను చాయ్ తెచ్చాను.

"మా ఇంట్లామె నేను ఈ పాట తీస్తే లోపటికి పోతది సారూ. మీ మతం పాటని గావొచ్చు. నాకైతే ఎందుకో తెల్వది, ఇది ఇనంగనే గొంతు పట్టుకుంటది. అయిదేండ్ల సంది నాకు ఏడ్పు రాలే. ఈ పాటకు వచ్చింది." ఆయన కళ్ళు తుడుచుకుని, సిగ్గుపడి నవ్వాడు. "మీరు ఏం తలుసుకొని కట్టిండ్రు సారూ?"

పిల్ల పోయి అయిదు సంవత్సరాలు. నేను చాయ్ కప్పు చేతిలో పట్టుకుని నాన్న మొహం చూస్తున్నాను. చెప్పు నాయినా అనుకున్నాను. ఒక్క మాట. ఇది నీ ఇంటిదే సేటూ, పోయి నీ భార్యను అడుగు అంటే చాలు. ఆ ఇంట్లో మూసిన తలుపేదో తెరుచుకునేది. వీణ పోతుందన్న భయం ఇక లేదని ఎదురుగా మనిషే వచ్చి ఏడ్చి చెబుతున్నాడు. నాన్నకూ అర్థమైంది.

"ప్రార్థనల వచ్చింది సేటూ. ప్రభువే ఇచ్చిండు" అన్నాడు.

నేనైనా చెప్పవచ్చు కదా అంటారు. నిజమే. చేతిలో చెయ్యి వేసి ఇచ్చిన మాట ఉంది, దాన్ని ఒకసారి తప్పి ఏం చేశానో చూశాను. రెండోసారి నోరు రాలేదు. చాయ్ ఇచ్చి లోపలికి పోయాను. అలా లోపలికి పోకుండా ఉండాల్సిందని నాకు ప్రతి క్రిస్మస్‌కూ అనిపిస్తుంది.

ఫిబ్రవరిలో పుస్తకం వచ్చింది. నీలం అట్ట. నాన్న దాన్ని కండువాలో చుట్టి తెచ్చాడు. ఆ సాయంత్రం ఎండ వాలకముందే మా వాకిట్లో దావీదు, బృందంలో ఇంకో పదిమంది చేరారు. నాన్న పేజీ తీసి నా చేతికిచ్చాడు.

"పైన ఏమున్నదో అందరికి ఇనపడేటట్టు చదువు."

చదివాను. "రాగం: నీలాంబరి. తాళం: ఆది. రచన, స్వరం: సత్యరాజు."

"ఇంకా?" అన్నాడు నవ్వుతూ.

"ఇంకేం లేదు నాయినా."

"రీతి లేదా?" అని దావీదు కావాలనే అడిగాడు. అందరూ నవ్వారు, ఈసారి నాన్నతో కలిసి. ఆ వాకిట్లో ఆ రోజుతో రీతిరాజు చచ్చిపోయాడు. అంత సంతోషంగా నాన్నను నేను ముందెప్పుడూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

"పాడు బిడ్డా" అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. చెవి తమ్మె ముట్టుకున్నాను. పేరు మాత్రం లోపలే చెప్పుకున్నాను. గడపలో బియ్యం ఏరుతున్న అమ్మ అది చూసి చాట కింద పెట్టింది.

ఏడులో పాడాను. ఇటు మూడు, అటు నాలుగు. మాటలు నాన్నవే, లయ ఉయ్యాలది. మొదటి చుట్టు చివర అందరూ ఆమేన్ అనేసరికి నేను మళ్ళీ మొదటి మాటలో ఉన్నాను. రెండో చుట్టుకు వాళ్ళు అటూ ఇటూ అయ్యారు. దావీదు పట్టుకోవాలని చూసి, తడబడి, డోలక్ మీద నుంచి చేతులు తీసేశాడు. నాన్న చెయ్యి ఒక్కటే మోకాలి మీద పడుతూ వచ్చింది. నాలుగో చుట్టులో ఏడో దెబ్బ తర్వాత ఆ చెయ్యి లేచి గాలిలో ఆగింది. దించలేదు. ఇరవై ఏళ్ళు హార్మోనియం వాయించిన మనిషికి ఏది తప్పో ఏది ఒప్పో వేరే చెప్పాలా? రెండో ముక్క చివరిదాకా పాడి ఆపాను.

నాన్న నన్నే చూస్తున్నాడు. నేనూ ఆయననే చూశాను.

"తాళం తప్పినవ్ సుకుమారీ" అన్నాడు, అందరికీ వినపడేట్టు.

"అవు నాయినా" అన్నాను. "తప్పిన."

ఆ తర్వాత ఆయన ఇరవై రెండేళ్ళు బతికాడు. మిగతా పాటలన్నీ నా చేత పాడించుకున్నాడు కాని, ఆ పాట పాడమని నన్ను మళ్ళీ అడగలేదు.